మెలోడీ పార్టీకి గొంతు ఎంచడం: పాడేవాళ్ళ బలం, లోపం పట్టుకునే పద్ధతి

వినాయక చవితి నుంచి కార్తీకం దాకా, మళ్ళీ చైత్రంలో, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మెలోడీ పార్టీలకు తీరిక ఉండదు. ఒడిశాలో ఆర్కెస్ట్రాను మెలోడీ అనే పిలుస్తారు. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తే పని ఇంకా పెరుగుతుంది. ఒకే రాత్రి ఒకే గొంతు పాత తెలుగు పాట, ఒడియా భజన, హిందీ బీటు, సంబల్‌పురి పాట అన్నీ పాడాలి. అలాంటి గొంతును ఎంచేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: ఎకో పెట్టిన మైకులో ఒక పై స్వరం విని, జనం చప్పట్లు విని, అక్కడికక్కడే తీసేసుకోవడం. పై స్వరాన్ని ఒక్కసారి అందుకోవడం గొంతు బలం కాదు. అదే స్వరాన్ని మెల్లగా, ఊపిరి మిగుల్చుకుని, మూడో పాట తర్వాత కూడా పాడగలిగితే బలం. కింద చెప్పే పరీక్షలన్నీ దీన్ని తేల్చడానికే.

వినడానికి ముందు

మైకు లేని గది కావాలి. ఖాళీ హాలు వద్దు, అందులో గోడల మోతే గొంతుకు నిండుదనం ఇస్తుంది. పరుపులో, బట్టలో ఉన్న మామూలు ఇంటి గది చాలు. ఒక కీబోర్డు, లేదా ఫోన్లో తంబురా యాప్. రికార్డింగుకు ఇంకో ఫోన్, పాడేవాళ్ళకు సుమారు ఒకటిన్నర మీటర్ల దూరంలో, ప్రతి ఒక్కరికీ అదే చోట. ఫోన్ దగ్గరా దూరమూ మారితే గొంతుల పోలిక తప్పుతుంది.

కడుపునిండా తిని వచ్చినవాళ్ళను వెంటనే పాడించకండి. పది నిమిషాలు గొంతు కదుపుకోనివ్వండి: పెదవులు బుర్రుమనిపిస్తూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారడం, ఆ తర్వాత మెల్లగా సరళీ వరుసలు. చల్లారిన గొంతును వింటే చలిని విన్నట్టే, గొంతును విన్నట్టు కాదు. ఇంటి భాష ఏదో, తెలుగా, ఒడియానా, సవరా, కువియా అన్నది కాగితం మీద ముందే రాసుకోండి. ఉచ్చారణ దగ్గర అది పనికొస్తుంది.

ట్రాకు పెట్టి పాడించడం మొదట్లో వద్దు. కరోకే ట్రాకు అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. ఆ శ్రుతి ఈ మనిషిది కాకపోతే మీరు పరీక్షించేది గొంతును కాదు, చెప్పు సరిపోని కాలిని.

నాలుగు గీతలు

‘ఆ’ అంటూ సుఖంగా ఉన్న స్వరం నుంచి అరస్వరం (కీబోర్డులో పక్క మీట) చొప్పున కిందికి దిగమనండి, తర్వాత పైకి ఎక్కమనండి. కాగితం మీద నాలుగు స్వరాలు గుర్తించండి: వినబడే అట్టడుగు, నిండుగా పలికే అట్టడుగు, హాయిగా పలికే చివరి పై స్వరం, ఎలాగో అందే చివరి పై స్వరం. అంచులు మరిచిపోండి. పాట నడవాల్సింది మధ్య రెండు గీతల నడుమ.

లెక్క చూద్దాం. ఒక అబ్బాయికి నిండుగా పలికే అడుగు మిడిల్ సి (కీబోర్డు నడుమనున్న సి) కింద రెండో ఎ (110 హెర్ట్జ్), హాయిగా పలికే పైది మిడిల్ సి పైనున్న ఇ (330 హెర్ట్జ్) అనుకోండి. మొత్తం 19 అరస్వరాలు. పాట మిడిల్ సికి ఒక స్థాయి కింది సి నుంచి మిడిల్ సి పైనున్న జి దాకా ఉంటే అదీ 19 అరస్వరాలే, కానీ మూడు అరస్వరాలు ఎత్తులో ఉంది. నాలుగు శ్రుతి (ఎఫ్) పాటను రెండు శ్రుతికి (డి) దించితే, అంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ మూడు పెడితే, రెండు అంచులకూ సరిగ్గా ఆనుతుంది. ఆనుతుంది కాబట్టే ఆ పాట వద్దు. కింద ఒకటి, పైన ఒకటి మిగులు లేని పాట గదిలో నడుస్తుంది, రాత్రి పదకొండింటికి మంచులో, పందిట్లో నడవదు. మిగులున్న పాట ఇవ్వాలి.

పాటలో అన్నిటికంటే పై స్వరం ఏదన్నదానికంటే, పాట ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటుందన్నది ముఖ్యం. చరణంలో ఒక్కసారి తారస్థాయి మధ్యమం ముట్టుకుని వచ్చే పాట, చరణమంతా పై షడ్జం చుట్టూ తిరిగే పాట కంటే తేలిక. పై మూడు స్వరాలు ఎన్నిసార్లు వచ్చాయో, ఎంతసేపు నిలిచాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి.

ఫోన్ యాప్‌లో ట్రాకు శ్రుతి మార్చవచ్చు. కానీ మూడు అరస్వరాలు దాటితే తబలా, డోలక్ మోత బరువెక్కి వాద్యాలు వింతగా వినిపిస్తాయి. అంత దించాల్సి వస్తే కీబోర్డు మనిషితో వాయించుకోవడమే మేలు.

యుగళగీతాల సంగతి వేరే చెప్పాలి. సినిమా డ్యూయెట్ చాలావరకు ఇద్దరికీ ఒకే శ్రుతిలో నడుస్తుంది, ఆమె అతనికి ఒక స్థాయి పైన పాడుతుంది. మామూలుగా ఆడ గొంతుకు హాయిగా ఉండే ఆధారం మగ గొంతుకంటే నాలుగైదు స్వరాలే ఎక్కువ, పూర్తి స్థాయి కాదు. కాబట్టి శ్రుతి అతనికి కుదిరితే ఆమెకు ఎత్తవుతుంది, ఆమెకు కుదిరితే అతనికి మంద్రంలో గొంతు మునిగిపోతుంది. డ్యూయెట్ విని ఒకరిని తీసిపారేసే ముందు అదే మనిషితో అదే చరణం సొంత శ్రుతిలో ఒంటరిగా పాడించి చూడండి.

శ్రుతి

‘శ్రుతి బాగోలేదు’ అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కడ, ఏ అక్షరం మీద, ఎటువైపు పోయిందో పట్టుకోవాలి.

తంబురా పెట్టి షడ్జం, పంచమం, పై షడ్జం ఎనిమిదేసి సెకన్లు నిలపమనండి. ట్యూనర్ యాప్ వాడాలనుకుంటే ఇక్కడే వాడండి. అరస్వరానికి 100 సెంట్లు. పదిలోపు తేడాను పాట నడుస్తున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, 25–30 దాటితే సంగీతం రానివాళ్ళకు కూడా ఏదో బాగోలేదనిపిస్తుంది. గమకాల మీద, జారుడు సంగతుల మీద యాప్ ముల్లును నమ్మవద్దు. అక్కడ స్వరం కదలడమే అందం.

తర్వాత తంబురా ఆపేసి పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి వాద్యం లేకుండా పాడించండి. చివర కీబోర్డు మీద షడ్జం నొక్కండి. దిగిపోయి ఉంటే ఊపిరి తగ్గుతోందని, లేదా గొంతు అలిసిందని అనుమానించాలి. ఎక్కి ఉంటే బిగువు, తొందర. ఈ ఒక్క పరీక్షలో తెలిసేది చాలా ఉంది. సమయం లేకపోతే మిగతావి వదిలేసి ఇది చేయండి.

వినాల్సిన చోట్లు మూడు. వరుస మొదలు: స్వరాన్ని నేరుగా పట్టుకుంటారా, కింది నుంచి పాకి వస్తారా? వరుస చివర: ఊపిరి అయిపోయి స్వరం వాలిపోతుందా? పెద్ద దూకుడు: షడ్జం నుంచి పంచమానికో పై షడ్జానికో ఎగిరినప్పుడు సరిగ్గా దిగుతారా? పైకి వెళ్ళినప్పుడల్లా తగ్గితే బరువైన గొంతును బలవంతంగా మోస్తున్నారు. ‘ఈ’, ‘ఏ’ వచ్చినప్పుడే తగ్గితే నాలుక బిగుసుకుంటోంది. గదిలో సరిగ్గా ఉండి స్టేజి మీదే పోతే అది గొంతు లోపం కానే కాదు, మానిటర్‌లో, అంటే పాడేవాళ్ళ వైపు తిప్పిన స్పీకర్లో, వాళ్ళ గొంతు వాళ్ళకు వినబడటం లేదు. ఈ మూడింటికీ మందులు వేరు. అందుకే అన్నిటికీ కలిపి పదికి నాలుగు మార్కులు వేసి ఊరుకోవడం అన్యాయం.

వినికిడి సంగతి విడిగా చూడండి. ఎప్పుడూ వినని అయిదు స్వరాల చిన్న వరుస కీబోర్డు మీద వాయించి, తిరిగి పాడమనండి. రెండోసారికి పట్టుకుంటే చెవి బాగుంది. చెవి బాగుండి గొంతు తప్పుతుంటే సాధనతో కుదురుతుంది. చెవే పట్టుకోకపోతే చాలా నెలల పని.

దమ్ము

మామూలుగా ఊపిరి పీల్చి ‘స్స్…’ అని ఆగకుండా వదలమనండి, తర్వాత అదే కంఠనాదంతో, ఇంగ్లీషు జెడ్ అక్షరం మొదటి ధ్వనిలా ‘జ్జ్…’ అని. గడియారం చూడండి. ఆరోగ్యమైన గొంతులో రెండూ దాదాపు సమానం, పెద్దవాళ్ళకు 15 నుంచి 25 సెకన్లు. ‘స’ 21 సెకన్లు వచ్చి నాదం 15 దగ్గరే ఆగితే, అంటే మొదటిది రెండోదానికి 1.4 రెట్లు ఉంటే, ఊపిరితిత్తులు బాగున్నాయి కానీ స్వరతంత్రులు సరిగ్గా కలవడం లేదేమో చూపించుకోవాలి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గనివాళ్ళను పాడించకండి, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పంపండి. తేనె, మిరియాలు, పటిక బెల్లం దాన్ని బాగుచేయవు.

సెకన్ల కంటే పాటలో ఊపిరి ఎక్కడ తీస్తారన్నది పెద్ద విషయం. తెలుగు పాటలో సమాసం మధ్యలో ఊపిరి తీస్తే అర్థం తెగుతుంది. సాహిత్యం కాగితం మీద రాసుకుని, ఊపిరి తీసిన చోటల్లా గీత గీయండి. మాట మధ్యలో గీత పడితే లోపం. అదే వరుసను నిమిషానికి 60 దెబ్బల నడకలో మళ్ళీ పాడించండి. వేగంగా పాడేటప్పుడు దాగిన కొరత ఇక్కడ బయటపడుతుంది. భుజాలు ఎగురుతున్నాయా, గాలి పీల్చే చప్పుడు వినబడుతోందా చూడండి. గదిలో చిన్నదిగా వినబడే ఆ చప్పుడు మైకులో ఈలలా వస్తుంది.

గొంతు మారే చోటు

ప్రతి గొంతులోనూ బరువైన నాదం నుంచి సన్ననాదానికి మారే మలుపు ఉంటుంది. మగవాళ్ళకు చాలావరకు మిడిల్ సి పైనున్న డి, ఎఫ్ మధ్య. ఆడవాళ్ళు బరువు గొంతుతోనే పైకి వెళ్తుంటే ఆ పైనున్న ఎ నుంచి తర్వాతి సి లోపల బిగుసుకుంటుంది. అంబులెన్సు సైరన్ లాగా ‘ఊ’ అంటూ కింది నుంచి పైకి జారమంటే మలుపు దొరుకుతుంది.

మలుపు దగ్గర ముగ్గురు మూడు రకాలుగా ఉంటారు. ఒకరి గొంతు టక్కున విరిగి ఫాల్సెటోలోకి, అంటే పలచని దొంగ గొంతులోకి, దూకుతుంది. ఒకరు విరగనివ్వకుండా అరుస్తారు. గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలతాయి, అచ్చులన్నీ ‘ఆ’ అయిపోతాయి. మూడోవాళ్ళు నాదాన్ని కొంచెం కొంచెంగా సన్నం చేసుకుంటూ దాటేస్తారు. జనం రెండోవాళ్ళకు చప్పట్లు కొడతారు. మీరు మూడోవాళ్ళను వెతకండి.

తేల్చే పరీక్ష చిన్నది. పాటలో ఎత్తైన వరుసను పక్కన పడుకున్న పిల్లవాడు లేవకుండా పాడమనండి. సన్నగానైనా శ్రుతిలో వస్తే ఆ స్వరం వాళ్ళ సొంతం. గట్టిగా తప్ప రాకపోతే అది ఆ రోజు అరువు తెచ్చుకున్నది, నాలుగో పాటకు ఉండదు.

నాదం

ముక్కుతో పాడుతున్నారా అని వాదించుకోనక్కర్లేదు. ‘ఆ’ నిలిపి, మధ్యలో ముక్కు మూసి తెరవమనండి. ధ్వని మారితే గాలి ముక్కులోంచి పోతోంది. ‘మ’, ‘న’ మీద మారడం సహజం. నిలిపిన స్వరం మీద వచ్చే కంపన సెకనుకు అయిదు నుంచి ఏడుసార్లుంటే వినసొంపు. నాలుగుకు తగ్గితే ఊగిసలాట. గాలి కలిసిన మెత్తని గొంతు తప్పేమీ కాదు, నెమ్మది పాటకు మైకు దాన్ని బాగా మోస్తుంది. కానీ పందిట్లో ప్యాడ్లు, బేస్ మోగుతుంటే అది కొట్టుకుపోతుంది. అలాంటివాళ్ళకు బీటు పాట ఇచ్చి బలహీనులనడం ఎంచినవాళ్ళ తప్పు.

అనుకరణ దగ్గర జాగ్రత్త. ఘంటసాల చదువుకున్నది, పి. సుశీల పుట్టింది మనకు పక్కనే ఉన్న విజయనగరంలో. ఇక్కడి పందిళ్ళలో వాళ్ళ పాటలు అడగనివాళ్ళుండరు. ఘంటసాల బరువును, బాలసుబ్రహ్మణ్యం విరుపులను అచ్చం దించేవాళ్ళుంటారు. అది చెవి పదునుకు గుర్తు, దానికి విలువ ఇవ్వండి. కానీ గొంతు ఏదో తెలియాలంటే వాళ్ళు ఎవరినీ విని నేర్చుకోని వరుస కావాలి. నాలుగు పాదాల పద్యం ఇచ్చి, చిన్న బాణీ అక్కడే నేర్పి పాడించండి. అరువు విరుపులన్నీ రాలిపోయి సొంత నాదం మిగులుతుంది.

తాళానికి పెద్ద తతంగం వద్దు. ట్రాకు మోగుతుండగా ఎనిమిది దెబ్బలు శబ్దం ఆపి, పాడుతూ ఉండమని, మళ్ళీ పెంచండి. కలిస్తే చాలు. చతురస్రంలో (నాలుగు దెబ్బల నడక) బాగున్నవాళ్ళు తిశ్రం (మూడు దెబ్బల) నడకలో తడబడతారు, కాబట్టి రెండింటిలోనూ చూడండి.

పలుకు

సరిహద్దులో పాడేవాళ్ళకు అసలు పరీక్ష ఇదే. బయటి న్యాయనిర్ణేతలు దీన్ని ‘యాస’ అని ఒక్క మాటలో తోసేస్తారు. నిజానికి ఇది విడివిడిగా పట్టుకుని దిద్దగలిగినది.

ఇంటి భాష ఒడియా అయినవాళ్ళు తెలుగు పాడితే అయిదు చోట్ల వినండి. ఒడియాలో ‘అ’ను పెదవులు గుండ్రం చేసి పలుకుతారు, అందుకని ‘కమలం’ ‘కొమొలొం’ వైపు జరుగుతుంది. మాటల్లో ఇ–ఈ, ఉ–ఊ తేడా ఒడియాలో నిలవదు, ఎ–ఏ, ఒ–ఓ తేడా లేనేలేదు. కాబట్టి మెడ మేడ అవుతుంది, కొన కోన అవుతుంది. ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది: వడి, బడి ఒకటైపోతాయి. శ, ష, స మూడూ ‘స’ దగ్గర కలుస్తాయి. ‘చుక్క’లోని దంత్య చకారం ‘చిలుక’లోని తాలవ్యంలా వస్తుంది, ‘జాబిలి’లోని జకారమూ అంతే. ఈ మాటలనే జంటలుగా చదివించి, తర్వాత పాడించండి. చదివేటప్పుడు సరిగ్గా ఉండి పాడేటప్పుడు పోతే ధ్యాస లోపం, వారంలో దిద్దవచ్చు. చదివేటప్పుడే తేడా రాకపోతే ముందు చెవికి నేర్పాలి.

తెలుగువాళ్ళు ఒడియా పాడితే తప్పులు తిరగబడతాయి. ‘జగన్నాథ’ను మన ‘అ’తో పాడితే ఒడియా చెవికి పచ్చిగా ఉంటుంది. పెదవులు గుండ్రం చేసి ‘జొగొన్నాథొ’ అనాలి, చివరి అచ్చునూ పలకాలి. హిందీ అలవాటుతో దాన్ని మింగేయకూడదు. ఖ, ఘ, థ, ధ, భ ఒత్తులు తెలుగు మాటల్లో మెత్తబడిపోయాయి, ఒడియాలో గట్టిగా ఉండాలి. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ‘థ’ అంటే గాలి తగలాలి. ఆ గాలే మైకులో టప్పుమంటుంది కాబట్టి ఒత్తక్షరం దగ్గర మైకును గడ్డం వైపు కాస్త దించడం నేర్పండి. ‘ళ’ మాత్రం మనవాళ్ళకు వరం. ఒడియాలో ‘కళా’ అంటే నలుపు, ‘కలా’ అంటే చేశాడు, ఒక్క అక్షరంతో మాట మారిపోతుంది, అది తెలుగు నాలుకకు కష్టం కాదు. ఎస్. జానకి, వాణీ జయరాం ఒడియా సినిమాలకు పాడినవాళ్ళే. అది ఇంటి భాష కానివాళ్ళకు అసాధ్యం కాదనడానికి ఆ ఇద్దరు చాలు.

మైకు, రికార్డింగు

గదిలో తేలిన తర్వాతే స్టేజి. మొదట ఎకో సున్నా. వాడే డైనమిక్ మైకులు ముందు వైపే వింటాయి. రెండు అంగుళాల దగ్గర బరువు నాదం నిండుగా వస్తుంది, అర అడుగు దూరమైతే నాదం పలచబడుతుంది. పై స్వరానికి కొంచెం వెనక్కి, కింది స్వరానికి దగ్గరికి జరపడం తెలిసిందా చూడండి. జాలీ గుండును గుప్పిట్లో మూసి పట్టుకుంటే వెనక శబ్దం కూడా లోపలికొచ్చి కూతపెడుతుంది, మాట మసకబారుతుంది. ఆ తప్పును గొంతు ఖాతాలో రాయకండి.

పేరున్న గాయకులను, ఫోన్లో పంపిన పాటలను అంచనా వేసేటప్పుడు రికార్డును నమ్మకండి. 1997లో ఆటో‌ట్యూన్ వచ్చిన దగ్గర్నుంచి శ్రుతిని తర్వాత దిద్దడం మామూలైంది. స్టూడియోలో ఒక్కో వరుస పదిసార్లు పాడి మంచివి అతికిస్తారు. ఎక్కడా ఊపిరి వినబడకపోతే, స్వరం నుంచి స్వరానికి మెట్టులా దూకితే అది చేసిన పని. అదే పాట వేదిక మీద పాడింది వెతికి, చరణం చివరి వరుసలు రెండింటిలో పోల్చండి. వెనక ట్రాకులో వాళ్ళ గొంతే మోగుతుంటే ఆ వీడియో లెక్కలోకి రాదు.

చివరి పరీక్ష, రాయాల్సింది

మూడు పాటలు వరుసగా, మధ్యలో రెండేసి నిమిషాలు మాత్రం విరామంతో పాడించండి: ఒక నెమ్మది పాట, ఒక ఎత్తు పాట, ఒక బీటు పాట. తర్వాత మొదటి పాట పల్లవి మళ్ళీ. రెండు పల్లవులనూ ఇయర్‌ఫోన్లలో పక్కపక్కన వినండి. రెండోదాంట్లో శ్రుతి దిగినా, గరగర వచ్చినా, వరుస చివర్లు తెగినా ఆ మనిషికి రాత్రికి నాలుగు పాటలకు మించి పెట్టవద్దు.

కాగితం మీద మొత్తం మార్కులు వద్దు. ‘పై పంచమం దగ్గర ఈ వస్తే శ్రుతి తగ్గుతోంది, మెల్లగా పాడితే సరిపోతోంది’ అని రాస్తే పాడేవాళ్ళకు రేపు పొద్దున ఏం సాధన చేయాలో తెలుస్తుంది. పక్కనే ఆ గొంతుకు కుదిరే శ్రుతి, నిండుగా పలికే రెండు గీతలు, ఇవ్వదగ్గ పాటల రకం, ఇవ్వకూడనిది రాయండి. కార్యక్రమంలో ఎత్తు పాటను ఎవరికీ మొదట పెట్టకండి, మూడోదిగా పెట్టండి. అప్పటికి గొంతు వేడెక్కి ఉంటుంది, ఇంకా అలవదు. మూడు నెలల తర్వాత అదే పాట, అదే శ్రుతి, అదే గది, అదే ఫోన్‌తో మళ్ళీ వినండి. రెండు రికార్డులూ వాళ్ళకే ఇచ్చేయండి.